ఆకు పనిని చేబదులు తీసుకోవడం: పెరట్లో స్పిరులినా తొట్టి

ఆకులా మనిషి కూడా ఎండతోనే తిండి తయారు చేసుకుంటే ఎలా ఉంటుందన్న ఊహ చాలామందికి వస్తుంది. ఒంట్లోకి పత్రహరితం ఎక్కించుకుని ఎండలో నిలబడితే ఎంత శక్తి వస్తుందో ముందు లెక్క వేసుకుందాం. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో చదరపు మీటరు నేల మీద రోజుకు సగటున 5 యూనిట్ల ఎండ పడుతుంది. కరెంటు బిల్లులో వచ్చే యూనిట్లే ఇవి. ఆహారం లెక్కలో చెప్తే సుమారు 4,300 కిలో క్యాలరీలు. వరి, వేరుశనగ లాంటి మొక్కలు ఆ ఎండలో 4.6 శాతానికి మించి పట్టుకోలేవు. అది సిద్ధాంతంలో వచ్చే గరిష్ఠం. నిజం పొలంలో అందేది చాలావరకు 2 శాతం లోపే. మనిషి చర్మం మొత్తం పరిస్తే చదరపు మీటరున్నర పైచిలుకు ఉంటుంది కానీ, ఒకేసారి సూర్యుడికి ఎదురుగా ఉండేది ఒక చదరపు మీటరు కంటే తక్కువే. అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒంటి మీద బట్ట లేకుండా ఎండలో పడుకున్నా 80 కిలో క్యాలరీలు దాటవు. ఒకటిన్నర ఇడ్లీ. రోజుకు మనకు కావలసింది 2,000 చుట్టుపక్కల. చెట్టుకు వేలాది ఆకులు ఎందుకో, అది ఎందుకు కదలకుండా నిలబడుతుందో ఈ లెక్కలోనే ఉంది.

రెండో చిక్కు, ఆకులోని హరితరేణువు (కణంలో పత్రహరితం ఉండే భాగం) ఒంటరిగా బతకదు. దాని పనికి 3,000 దాకా ప్రోటీన్లు కావాలి. అందులో అది సొంతంగా తయారు చేసుకునేవి సుమారు వంద. మిగతావన్నీ మొక్క కణం కేంద్రకం పంపాలి. ఎండ తగిలే కొద్దీ లోపలి భాగాలు పాడవుతుంటాయి, వాటిని ఎప్పటికప్పుడు మార్చాలి. 2024లో టోక్యో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక ఎర్ర నాచు నుంచి తీసిన హరితరేణువులను హామ్‌స్టర్ కణాల్లో పెడితే రెండు రోజుల పాటు కిరణజన్య సంయోగక్రియ తొలి దశ నడిచింది. జంతు కణంలో అది గొప్ప విజయమే, కానీ ఆ తర్వాత రేణువులు చెడిపోయాయి. ఎలీసియా క్లోరోటికా అనే సముద్రపు నత్తజాతి జీవి మాత్రం నాచు తిని, అందులోని రేణువులను నెలల తరబడి ఒంట్లో దాచుకుంటుంది. దానికి ఆకు ఆకారపు పలుచటి ఒళ్ళు ఉంది, రోజంతా పరుగులు పెట్టే పనీ లేదు.

కాబట్టి ఆ పనిని ఒంట్లోకి తెచ్చుకోవాలని చూడకుండా, ఒంటి పక్కన ఒక తొట్టిలో జరిపించుకోవడమే మనకు కుదిరే పద్ధతి. కిందిది 10 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు తొట్టికి రాసిన పద్ధతి. అందులో పెరిగేది స్పిరులినా, నీళ్ళలో స్ప్రింగులా చుట్టుకుని ఉండే సయనోబాక్టీరియా, అంటే మొక్కలా ఎండతో తిండి చేసుకునే సూక్ష్మజీవి. వేరు, కాండం, పొట్టు ఏమీ లేవు కాబట్టి పట్టిందంతా తినొచ్చు. రొయ్యల గుంట చూసుకున్నవాళ్ళకు ఇందులో సగం పని ముందే తెలుసు. పీహెచ్ (నీళ్ళు పులుపో క్షారమో చెప్పే కొలత), ఆల్కలినిటీ (నీళ్ళలోని క్షార లవణాల మోతాదు), బ్లూమ్ (నాచు దట్టంగా పెరగడం), ఏరేషన్ (నీళ్ళలోకి గాలి పంపడం) అన్నీ అవే మాటలు.

ఎంత ఆశించవచ్చో కూడా ముందే చెప్పుకోవాలి. ఈ తొట్టి విస్తీర్ణం 4.65 చదరపు మీటర్లు. ఇంటి స్థాయి నిర్వహణలో చదరపు మీటరుకు రోజుకు 5 నుంచి 7 గ్రాముల ఎండు స్పిరులినా వస్తుంది. అంటే తొట్టి మొత్తానికి 25, 30 గ్రాములు. గ్రాముకు 2.9 కిలో క్యాలరీల చొప్పున 80 కిలో క్యాలరీలు, అదే ఒకటిన్నర ఇడ్లీ. స్పిరులినాను శక్తి మందుగా అమ్మేవాళ్ళ మాట నమ్మి దీన్ని మొదలుపెట్టకండి. అన్నానికి బదులు ఇది కాదు. దీని విలువ ప్రోటీనులో ఉంది: బరువులో 55 నుంచి 65 శాతం. పది గ్రాములు తింటే ఒక కోడిగుడ్డంత ప్రోటీను, దాంతో పాటు కొంత ఇనుము, బీటా కెరోటిన్. ముగ్గురున్న ఇంటికి ఈ తొట్టి సరిపోతుంది.

నీళ్ళు

ఎక్కువ మంది తొట్టి కట్టాక నీళ్ళ గురించి ఆలోచిస్తారు. అది తలకిందుల వరస. కనిగిరి, పొదిలి, దర్శి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. తొట్టిలో నీరు ఆవిరవుతూ, మళ్ళీ అవే నీళ్ళు నింపుతూ ఉంటే ఫ్లోరైడు నెలనెలా చిక్కబడుతుంది. అక్కడ బోరు నీళ్ళు వాడొద్దు. డాబా మీద పట్టిన వాన నీళ్ళు గానీ ఆర్.ఓ. నీళ్ళు గానీ వాడాలి. సముద్రం పక్క ఊళ్ళలో బోరు ఉప్పదేలి ఉంటుంది, కానీ ఇసుక నేలల్లో తవ్విన దొరువు (లోతు తక్కువ గుంట) నీళ్ళు చాలాచోట్ల పనికొస్తాయి.

మీ నీళ్ళు పనికొస్తాయా లేదా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. గాజు గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని అర చెంచా సోడా యాష్ (సోడియం కార్బనేట్, బట్టల సోడా) వేసి కలపండి. పది నిమిషాల తర్వాత వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. తేటగా ఉంటే మంచిది. పల్చటి మజ్జిగలా తెల్లబడితే నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉన్నట్టు. అదే సున్నం రేపు తొట్టిలో మీరు వేసిన ఫాస్ఫేటునూ కార్బనేటునూ పట్టుకుని అడుగున మడ్డిగా దిగుతుంది. ఆ మడ్డి స్పిరులినాకు అంటుకుని, గుడ్డలో వడకట్టినప్పుడు దాంతో పాటే వస్తుంది. నోట్లో ఇసుక తగిలినట్టు ఉంటుంది. ఇలాంటి నీళ్ళను వాన నీళ్ళతో సగానికి సగం కలిపి మళ్ళీ పరీక్షించండి. అప్పటికీ తెల్లబడితే వదిలేయండి.

తొట్టి

మిరప, పొగాకు చేలకు మందు కొట్టే గాలి తగలని చోటు చూడండి. చీమకుర్తి లాంటి గ్రానైట్ క్వారీల దుమ్ము, బొగ్గు బూడిద పడే చోట్లు అసలు వద్దు. స్పిరులినా నీళ్ళలోని భారలోహాలను పీల్చుకుంటుంది, అవి నేరుగా మీ పళ్ళెంలోకి వస్తాయి. చెట్టు కింద కూడా పెట్టకండి, ఆకులు, పక్షి రెట్టలు పడతాయి.

నేల చదును చేసి రెండంగుళాల ఇసుక పోయండి. మేస్త్రీలు వాడే లెవెల్ ట్యూబుతో నాలుగు మూలలూ సరిచూడండి. నీటి లోతు 15 సెంటీమీటర్లే కాబట్టి ఒక మూల 3 సెంటీమీటర్లు వాలినా అక్కడ లోతు, ఇక్కడ పలుచన అయి, పలుచగా ఉన్నచోట ఎండకు మాడిపోతుంది. చుట్టూ అడుగు ఎత్తున సిమెంటు ఇటుకలు పేర్చి, లోపల 14 అడుగులు, 9 అడుగుల మందపాటి టార్పాలిన్ పట్ట పరవండి. మూలలు కోయకుండా మడవండి. కొత్త పట్టను సోడా నీళ్ళతో కడిగి, రెండు రోజులు నీళ్ళు నిలబెట్టి పారబోయండి. రాగి, జి.ఐ. (జింకు పూత పూసిన ఇనుము) సామాన్లు నీళ్ళకు తగలకూడదు. రొయ్యల మందులు కలిపిన డ్రమ్ములు, మగ్గులు ఎంత కడిగినా వాడొద్దు.

పైన 50 శాతం షేడ్ నెట్, దాని మీద వాన పడకుండా ఎప్పుడంటే అప్పుడు లాగడానికి వీలయ్యే తెల్ల ప్లాస్టిక్ కాగితం. పక్కలకు దోమతెర. ఇది పెట్టకపోతే ఈగలు గుడ్లు పెట్టి, వాటి పురుగులు తొట్టిలో ఈదుతాయి. పురుగుల మందు కొట్టే ప్రశ్నే లేదు కాబట్టి ముందే అడ్డుకోవాలి.

పోషకాలు

15 సెంటీమీటర్ల లోతుకు ఈ తొట్టి 700 లీటర్లు పడుతుంది. దానికి కావలసినవి: తినే సోడా 4.2 కిలోలు, సోడా యాష్ 1.4 కిలోలు, కల్లుప్పు 3.5 కిలోలు, పొటాషియం నైట్రేట్ 1.4 కిలోలు, మెగ్నీషియం సల్ఫేట్ 140 గ్రాములు, మోనో అమోనియం ఫాస్ఫేట్ 70 గ్రాములు, ఫెర్రస్ సల్ఫేట్ 7 గ్రాములు. ఆక్వా షాపుల్లో, డ్రిప్ ఎరువులు అమ్మే చోట ఇవన్నీ దొరుకుతాయి. పొటాషియం నైట్రేట్ 13-0-45 పేరుతో, ఫాస్ఫేటు 12-61-0 పేరుతో ఉంటాయి. రంగు కలిపినవి, సూక్ష్మపోషకాలు కలిపినవి కాకుండా తెల్లటి శుద్ధమైనవి తీసుకోండి. ఫుడ్ గ్రేడ్ దొరికితే అదే మేలు. డీఏపీ వద్దు, అందులో మలినాలు ఎక్కువ. ఇస్కపల్లి కొటార్ల ఉప్పు పనికొస్తుంది, మట్టి రంగు లేనిది చూసుకోండి.

యూరియా చవక కదా అనిపిస్తుంది. పీహెచ్ 9 దాటిన నీళ్ళలో యూరియా నుంచి పుట్టే అమోనియా స్పిరులినాను చంపేస్తుంది. రొయ్యల గుంటలో అమోనియా ఏం చేస్తుందో తెలిసినవాళ్ళకు విడమర్చి చెప్పనక్కర్లేదు. అనుభవం వచ్చేదాకా నైట్రేటు ఒక్కటే వాడండి.

కలిపే వరస ముఖ్యం. ముందు ఉప్పు, తర్వాత సోడా యాష్, తినే సోడా, నైట్రేటు, మెగ్నీషియం ఒక్కొక్కటి బక్కెట్లో విడిగా కరిగించి పోయాలి. ఫాస్ఫేటు చివర్లో, పల్చగా చేసి తొట్టంతా చల్లాలి. ఇనుము ఉత్తగా వేస్తే తుప్పు రంగు పొడిగా అడుగున పడిపోతుంది. లీటరు నీళ్ళలో 50 గ్రాముల ఫెర్రస్ సల్ఫేట్, 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి సీసాలో పెట్టుకోండి. మొదటిసారి ఈ ద్రావణం 140 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది. అంతా కలిపాక పీహెచ్ 9.3 దగ్గర ఉండాలి. 9 కన్నా తక్కువుంటే క్లోరెల్లా వంటి పచ్చ నాచు ముందు పుంజుకుంటుంది. 9.5, 10.5 మధ్యకు చేరాక ఇతర జీవులు తట్టుకోలేవు, స్పిరులినా ఒక్కటే హాయిగా పెరుగుతుంది. దీనికి పెట్టని కోట ఆ క్షారమే.

విత్తనం

పరిశోధన సంస్థ నుంచి గానీ నమ్మకమైన పెంపకందారు నుంచి గానీ ప్రాణంతో ఉన్న కల్చరు 10 లీటర్లు తెచ్చుకోండి. ఊరి చెరువులోని పచ్చ తెట్టె స్పిరులినా కాదు. అందులో కాలేయాన్ని దెబ్బతీసే విషాలు చేసే జాతులు ఉండొచ్చు. దగ్గర్లో హైస్కూలో కాలేజీయో ఉంటే ఒక చుక్క మైక్రోస్కోపు కింద వంద రెట్లు పెద్దదిగా చూడండి. స్ప్రింగు చుట్టలు కనపడాలి. నిటారు తీగలే ఎక్కువుంటే వడకట్టేటప్పుడు గుడ్డలోంచి జారిపోతాయి. గుండ్రటి పచ్చ చుక్కలు కనపడితే క్లోరెల్లా కలిసినట్టు, ఆ విత్తనం తీసుకోకండి.

పది లీటర్లను ఒకేసారి 700 లీటర్లలో పోస్తే రెండు రోజుల్లో రంగు పోయి తెల్లబడుతుంది. పల్చటి కల్చరులో ప్రతి తీగకూ ఎండ సూటిగా తగలడమే కారణం. పది లీటర్లకు పది లీటర్ల కొత్త పోషక ద్రవం కలిపి, మళ్ళీ చిక్కటి ఆకుపచ్చ వచ్చేదాకా మూడు నుంచి ఐదు రోజులు ఆగండి. 20 నుంచి 40, 40 నుంచి 80 లీటర్ల దాకా టబ్బుల్లోనే పెంచండి. 160, 200 లీటర్లు అయ్యాక తొట్టిలో 3, 4 సెంటీమీటర్ల లోతున పోసి, రెట్టింపు చేసుకుంటూ పైకి తీసుకురండి. మొత్తం మూడు, నాలుగు వారాలు. కలిపిన ప్రతిసారీ రెండు రోజులు నెట్ రెండు పొరలు వేయండి. మొదలుపెట్టడానికి సంక్రాంతి దాటిన రోజులు మంచివి. ఈశాన్య రుతుపవనాల వానలు వెళ్ళిపోయి ఉంటాయి, రోహిణి కార్తె ఇంకా దూరంగా ఉంటుంది.

రోజువారీ పని

నీటి ఉష్ణోగ్రత 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉంటే పెరుగుదల బాగుంటుంది. 20 కింద దాదాపు ఆగిపోతుంది. 40 దాటితే ప్రాణాపాయం. ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి మూడు దాకా రెండో నెట్ తప్పనిసరి. నీటిమట్టం కూడా 20 సెంటీమీటర్లకు పెంచుకోండి, త్వరగా వేడెక్కదు. పెంచే 5 సెంటీమీటర్లకు పోషక ద్రవమే కలపాలి, ఉత్త నీళ్ళు కాదు. ఆవిరైన మేరకు మాత్రం ఉత్త మంచి నీళ్ళు పోయాలి. ఆ రోజుల్లో బిందె, రెండు బిందెలు పడతాయి. జనవరిలో ఇంకో ప్రమాదం ఉంది: తెల్లవారుజామున చల్లబడిన నీళ్ళ మీద ఒక్కసారి గట్టి ఎండ పడితే తీగలు దాన్ని తట్టుకోలేక రంగు పోతాయి. నీళ్ళు 25 డిగ్రీలకు వచ్చేదాకా నెట్ తీయొద్దు.

రోజుకు కనీసం నాలుగు సార్లు శుభ్రమైన ప్లాస్టిక్ చీపురుతో రెండు నిమిషాలు కలపాలి. స్పిరులినాలో గాలి బుడగలుండి పైకి తేలుతుంది. కలపకపోతే పైపొర మాడిపోతుంది, కింది పొరకు వెలుగు అందదు. అక్వేరియం ఎయిర్ పంపు పెట్టినా మంచిదే. నీళ్ళ మోటారు మాత్రం పెట్టకండి, దాని రెక్కలు తీగలను ముక్కలు చేస్తాయి.

ఎప్పుడు తీయాలో చెప్పేది సెక్కీ కర్ర. స్కేలుకు అడుగున 3 సెంటీమీటర్ల తెల్ల బిళ్ళ అంటించి నీళ్ళలో దించుతూ, బిళ్ళ కనపడకుండా పోయిన లోతు చదవండి. 3 సెంటీమీటర్ల లోపే మాయమైతే తీయొచ్చు. 5 దాకా కనపడుతుంటే ఆగాలి.

తీయడం, ఆరబెట్టడం

తెల్లవారకముందో, తెల్లవారిన వెంటనేనో తీయండి. రాత్రంతా తీగలు పిండి పదార్థం ఖర్చు చేసుకుంటాయి కాబట్టి అప్పుడు ప్రోటీను శాతం ఎక్కువ, త్వరగా వడకట్టుకుంటుంది, చెడే వేడీ ఉండదు. రోజుకు నాలుగు బక్కెట్లు, అంటే 60 లీటర్లు. ముందు సన్న జల్లెడలో పోసి పురుగులు, చెత్త తీసేయండి. కింద స్క్రీన్ ప్రింటింగుకు వాడే 30 నుంచి 50 మైక్రాన్ల పాలిస్టర్ గుడ్డ. దిగిన నీళ్ళు తొట్టిలోకే పోవాలి, పోషకాలు అందులోనే ఉన్నాయి. గుడ్డలో మిగిలిన ముద్దను మూటకట్టి, పలకల మధ్య బరువు పెట్టి నీళ్ళు కారేదాకా నొక్కండి. చేతికి అంటకుండా, నల్లటి ఆకుపచ్చ రంగులో, విరిస్తే విరిగేలా ఉంటే సరిగ్గా నొక్కినట్టు. సుమారు 140 గ్రాముల ముద్ద, అందులో ఐదో వంతు ఎండు పదార్థం.

పచ్చిది అప్పటికప్పుడు తింటే అన్నిటికన్నా మంచిది, వాసన దాదాపు ఉండదు. బయట రెండు గంటలు పెడితే చెడుతుంది. ఫ్రిజ్‌లో ఒక రోజు. దాచాలంటే కారప్పూస గొట్టంలో సన్న బిళ్ళ వేసి జాలీ ట్రే మీద తీగలు వత్తండి. నల్ల గుడ్డ కప్పిన సోలార్ డ్రయ్యరులో 60 డిగ్రీలకు మించకుండా నాలుగు నుంచి ఆరు గంటలు. నేరుగా ఎండలో పెడితే రంగు, విటమిన్లు పోతాయి. తీగ వంగకుండా టక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, డబ్బాలో బూజు పడుతుంది.

ప్రతి 100 గ్రాముల ఎండు సరుకుకూ తొట్టి నుంచి అంత మేర పోషకాలు బయటికి వెళ్ళినట్టే. తిరిగి వేయవలసినవి: పొటాషియం నైట్రేట్ 80 గ్రాములు, మోనో అమోనియం ఫాస్ఫేట్ 5 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 3 గ్రాములు, ఇనుప ద్రావణం 10 మిల్లీలీటర్లు. తీసిన తూకం పుస్తకంలో రాసుకుని వారానికోసారి లెక్కకట్టి వేయండి. ఉజ్జాయింపుగా వేస్తే రెండు నెలల్లో ఏదో ఒకటి ఎక్కువో తక్కువో అవుతుంది. పీహెచ్ 10.5 దాటితే నీళ్ళలో వాడుకోదగ్గ కార్బన్ తగ్గిందని అర్థం. లీటరుకు ఒక గ్రాము చొప్పున తినే సోడా వేసి రెండు రోజులు చూడండి.

ఎక్కడ చెడుతుంది

రంగు పసుపులోకి తిరిగితే నైట్రేటు అయిపోయిందో, ఎండ ఎక్కువైందో. ముందు నెట్ వేయండి, మూడు రోజుల్లో మారకపోతే నైట్రేటు చూడండి. నురుగు, జిగురు వచ్చి గుడ్డలో వడకట్టుకోకపోతే పెరుగుదల నిలిచి తీగలు జిగురు వదులుతున్నాయని లెక్క. కొన్నాళ్ళు తీయడం ఆపి, కలపడం పెంచి, పదో వంతు పాత నీళ్ళు మార్చండి. వడకట్టినా గుడ్డ దిగువన నీళ్ళు ఇంకా చిలకపచ్చగానే ఉంటే క్లోరెల్లా చేరినట్టు. కొత్త విత్తనంతో మళ్ళీ మొదలుపెట్టడమే దారి.

గుడ్డలోంచి నీలం నీళ్ళు కారి, కుళ్ళిన వాసన వస్తే తీగలు పగిలిపోయాయి. అది వేడి వల్లనో, ఒక్కసారిగా వాన నీళ్ళు పడడం వల్లనో జరుగుతుంది. ఆ రోజు సరుకును ఎండబెట్టి అయినా తినకండి, కోళ్ళకూ పెట్టకండి.

వాయుగుండం కబురు రాగానే కాగితం లాగి నాలుగు వైపులా ఇసుక బస్తాలు పెట్టండి. రాత్రికి రాత్రి 10 సెంటీమీటర్ల వాన లోపల పడితే పోషకాలు 60 శాతానికి పల్చబడతాయి, పీహెచ్ కూడా జారుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 20 లీటర్ల విత్తనం ఇంట్లో కిటికీ దగ్గర క్యానులో ఉంచి రోజూ కదుపుతూ ఉండండి. కరెంటు రెండు రోజులు పోయినా చీపురుతో తొట్టి బతుకుతుంది, విత్తనం పోతే మళ్ళీ నెల రోజులు వెనక్కి.

తినడం

మొదటి వారం రోజుకు ఒక గ్రాము, ఆ తర్వాత 5 నుంచి 10 గ్రాముల దాకా పెంచవచ్చు. మజ్జిగలో, పప్పులో, దించిన తర్వాతే కలపండి. గౌట్ (యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే జబ్బు) ఉన్నవాళ్ళు, ఫినైల్‌కీటోన్యూరియా (ప్రోటీనులోని ఒక భాగాన్ని ఒళ్ళు వాడుకోలేని, పుట్టుకతో వచ్చే జబ్బు) ఉన్నవాళ్ళు, రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడే జబ్బులున్నవాళ్ళు, వార్ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్ళు డాక్టరును అడగకుండా తినకూడదు. శాకాహారులు దీన్ని బి12 కోసం నమ్ముకోవద్దు. ఇందులో కనపడే బి12లో ఎక్కువ భాగం మన ఒంటికి పనిచేయని రూపంలో ఉంటుంది. బయట అమ్మాలంటే ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (దేశ ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు, ల్యాబు పరీక్షలు కావాలి.

తొట్టి ఖాళీ చేయవలసి వస్తే ఆ నీళ్ళను మాత్రం కయ్యల్లోకో, నిమ్మ చెట్ల మొదట్లోకో పోయకండి. సోడియం, క్షారం రెండూ ఉన్న నీళ్ళవి. పొదలకూరు వైపు నిమ్మతోటలకు ఉప్పు అసలే పడదు, నేల కూడా గట్టిపడి నీళ్ళు ఇంకడం మానేస్తుంది. కాగితం తీసి ఎండకు వదిలేస్తే ఎండాకాలంలో నెలలోపు ఆవిరైపోతుంది. అడుగున మిగిలిన ఉప్పును సంచికెత్తి, పశువులు నాకకుండా, వాన తగలకుండా పెట్టండి.